రైలుపెట్టె కింద గ్రీకు మాట

ఒకప్పుడు రాత్రి పాసింజరు బండ్లలో తిరిగినవాళ్ళకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. బండి స్టేషనులో ఆగీ ఆగగానే పెట్టెలో దీపాలు నీరసించేవి. చేతిలో వారపత్రిక అక్షరాలు అలుక్కుపోయేవి. గార్డు పచ్చదీపం ఊపి, బండి కదిలి, నాలుగు ఫర్లాంగులు పోయి వేగం అందుకున్నాక మళ్ళీ వెలుగు పుంజుకునేది. ఎందుకలా అంటే పక్కన కూర్చున్న రైల్వే ఉద్యోగి ఎవరో ‘డైనమో తిరగాలి కదండీ’ అనేవాడు. సైకిలు తొక్కినవాడికి ఆ ముక్క చాలు. చక్రానికి ఆనించిన బుడ్డిలాంటి ఆ పరికరం కాలు ఆడినంతసేపే వెలుగునిస్తుంది. రైలుపెట్టె కిందా అదే ఏర్పాటు. ఇరుసు మీది కప్పీ నుంచి బెల్టు వేసి డైనమోను తిప్పుతారు. బండి ఆగినప్పుడు బ్యాటరీలు భారం మోస్తాయి, అవి పాతబడితే దీపం కూడా ముసలిదవుతుంది.

డైనమోకు తెలుగు మాట కావాలని ఎవరికీ తోచలేదు. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళలో ఖలాసీ నుంచి ఫోర్‌మన్ దాకా అందరి నోటా నలిగి అది సొంత మాటే అయిపోయింది. దాని పుట్టుక మాత్రం గ్రీకు. ‘దునామిస్’ అంటే బలం, చేయగల సత్తువ. గ్రీకులు బలాన్ని ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. ఒంట్లో ఉండే దారుఢ్యం ‘స్థెనోస్’. ఎదుటివాణ్ణి లొంగదీసి పైచేయి సాధించే బలం ‘క్రాతోస్’. ఇంకా బయటపడకుండా లోపల అణగి ఉన్న సామర్థ్యం ‘దునామిస్’. చింతగింజలో చెట్టు ఉన్నట్టు ఉండేదన్నమాట. అరిస్టాటిల్ ఈ మూడోదాన్ని పట్టుకుని పెద్ద తత్త్వమే నడిపాడు. ఈ మూటినుంచీ ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు వందకు పైమాటే. వాటిలో కొన్ని రైలుతో పాటు మన దాకా వచ్చాయి. ఏ మాట ఎవరి కోసం వచ్చింది, ఎవరికి దక్కింది అని చూస్తే, తెలుగువాళ్ళు నాలుగైదు తరాలుగా బతుకుతున్న ఒక బెంగాలీ ఊరి చరిత్ర కనిపిస్తుంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఈ మాటలు ఏథెన్సు నుంచి నడుచుకుంటూ లండన్ చేరినవి కావు. డెమోక్రసీ లాంటి కొన్ని పాతవి ఉన్నా, చాలావాటిని పదిహేడో శతాబ్దం చివరి నుంచి వైద్యులు, ఇంజనీర్లు, పండితులు బల్ల ముందు కూర్చుని అతికించారు. చలనశాస్త్రానికి ‘డైనమిక్స్’ అన్న పేరు 1690ల్లో లైబ్నిట్జ్ పెట్టాడు. ‘బ్యూరోక్రసీ’ పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఆర్థికవేత్త విన్సెంట్ ద గూర్నే వెటకారంగా అన్న మాటంటారు. ఆఫీసు బల్లకు గ్రీకు క్రాతోస్‌ను తగిలించి, బల్లల రాజ్యం అన్నాడాయన. అంటే ఈ మాటలూ, ఆవిరియంత్రాలూ దాదాపు ఒక ఈడువి.

ఆ బెంగాలీ ఊరు ఖరగ్‌పూర్. రైలు రాకముందు దానికి బలంతో ఉన్న చుట్టరికం వేరు. ఇందా పేట దగ్గరి ఖడ్గేశ్వరాలయం చుట్టూ ఒక స్థలపురాణం తిరుగుతుంది. భీముడు హిడింబాసురుణ్ణి చంపి, హిడింబిని పెళ్ళాడింది ఇక్కడేనట. ఆ మెట్టను హిడింబడాంగా అనేవారు. ఇలాంటి మెట్టలు దేశంలో ఇంకా ఉన్నాయి, చరిత్రకారుడు దీన్ని ఆధారంగా తీసుకోడు. అయినా ఎర్రమట్టి, సాలచెట్లు, జనం పలచన ఉన్న ఆ ఎత్తునేలకు భీముడి కథ అతికినట్టు సరిపోతుంది.

బెంగాల్-నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 1887లో ఏర్పడింది. వరదలకు అందని ఆ మెట్టనేల మీదికి దాని పట్టాలు పంతొమ్మిదో శతాబ్దపు చివరి రెండు మూడేళ్ళలో చేరాయి. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచాక కలకత్తా, నాగపూర్, కటక్ దారులు మూడూ ఖరగ్‌పూర్ దగ్గర కలిశాయి. కూడలిలో వర్క్‌షాపు వెలిసింది, వర్క్‌షాపు చుట్టూ ఊరు వెలిసింది. ఆ స్టేషను ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మన పిల్లలు క్విజ్ పుస్తకాల్లో బట్టీపట్టారు. 1,072 మీటర్ల ఆ గొప్పను 2013లో గోరఖ్‌పూర్, తర్వాత 2023లో హుబ్బళ్ళి లాగేసుకున్నాయి.

తెలుగువాళ్ళ రాకకు దారి దక్షిణాన పడింది. బెజవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893, 1896 మధ్య అంచెలంచెలుగా తెరుచుకుంది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న భాగం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. అప్పటి నుంచి వాల్తేరు, విజయనగరం, పలాస, బరంపురం, ఖరగ్‌పూర్ అన్నీ ఒకే కంపెనీ ఏలుబడి. 1896-97 కరువు ఆ తీరాన్ని కూడా పీడించింది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల కుర్రాళ్ళకు రంగూన్ ఓడ ఒక దారి, ఖరగ్‌పూర్ బండి మరో దారి అయ్యాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలు ఆ జిల్లాల్లోనివే. ఓడ కన్నా బండి నయం, పండక్కి తిరిగి రావచ్చు. మథురాకాటి, నింపురా క్వార్టర్లలో తెలుగు ఇళ్ళు బారులు తీరాయి. ఘటాలు నెత్తిన పెట్టుకుని ఊరేగే అమ్మవారి జాతర అక్కడ ‘మాతా పూజ’గా ఇప్పటికీ సాగుతోంది.

కంపెనీ ఆ కుర్రాళ్ళలో చూసింది ఏ బలం? స్థెనోస్. పట్టా మోసే భుజం, సమ్మెట ఎత్తే చెయ్యి, బొగ్గు పారతో ఎగదోసే నడుం. ఒంటి బలానికి ఉత్తరాంధ్ర పెట్టింది పేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో సాము నేర్చి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగివచ్చి బడిపిల్లలకు వ్యాయామం నేర్పి, ఆ తర్వాత సర్కసు పెట్టి, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి, రొమ్ము మీదికి ఏనుగును ఎక్కించుకుని ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నది ఈ కాలంలోనే. ఆయన నేర్పిన వ్యాయామానికి చుట్టమైన మాట ఇంగ్లీషులో ‘కాలిస్థెనిక్స్’. ‘కల్లోస్’ అంటే అందం, దానికి స్థెనోస్ కలిపారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆడపిల్లల కోసం పుట్టిన కసరత్తు అది. మన బళ్ళలో అందం, బలం రెండూ రాలిపోయి డ్రిల్లు మిగిలింది.

ఇక్కడ ఒక వింత ఉంది. బలం అని అర్థమున్న ఈ ధాతువు ఇంగ్లీషులో ఎక్కువగా బతికింది జబ్బుల పేర్లలో. 1780లో స్కాట్లండు వైద్యుడు జాన్ బ్రౌన్ రోగాలన్నిటినీ రెండు గంపల కిందికి తెచ్చాడు. ఉద్రేకం ఎక్కువైతే ‘స్థెనిక్’, తక్కువైతే ‘అస్థెనిక్’. రెండోదానికి ఆయన మందు సారా, నల్లమందు. తన కీళ్ళవాతానికీ అవే పుచ్చుకుని 1788లో పోయాడు. స్థెనిక్ గంప ఖాళీ అయిపోయింది గానీ, రెండోది నిండుతూనే వచ్చింది. నీరసానికి అస్థీనియా. కండరాలు సడలిపోయే వ్యాధికి మయస్థీనియా, దాని పూర్తి పేరు 1895లో జర్మన్ వైద్యుడు యోలీ స్థిరపరచింది. చివరికి భూమి కూడా తప్పించుకోలేదు. పైపొర కింద మెత్తగా ఉండే భాగానికి 1914లో జోసెఫ్ బారెల్ ‘అస్థెనోస్ఫియర్’ అని పేరు పెట్టాడు, బలంలేని పొర అని. ఉక్కు గట్టిదనాన్ని చెప్పాల్సినప్పుడు ఇంగ్లీషు ఇంజనీరు గ్రీకు జోలికి పోలేదు. తన ఇంటి మాట ‘స్ట్రెంగ్త్’ వాడుకున్నాడు. బలం సొంత భాషలో, బలహీనత గ్రీకులో!

ఆ జబ్బుల్లో రైలుతో నేరుగా లెక్క ఉన్నది ‘న్యూరస్థీనియా’. అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1881 నాటి పుస్తకంలో దానికి అయిదు కారణాలు లెక్కపెట్టాడు. వాటిలో మొదటివరసలో ఆవిరిశక్తి ఉంది, టెలిగ్రాఫు ఉంది, పత్రికలున్నాయి. విజ్ఞానశాస్త్రాలు, ఆడవాళ్ళ మేధోశ్రమ కూడా జాబితాకెక్కాయి. నాగరికత నరాలను పిండేస్తోందని ఆయన వాదం. అది వలసరాజ్యాలకు చేరి ‘ఉష్ణమండల న్యూరస్థీనియా’గా మారింది. ఎండకూ, ఒంటరితనానికీ చిరాకుపడిన తెల్ల అధికారిని కొండ ప్రాంతానికో స్వదేశానికో పంపడానికి అదొక గౌరవప్రదమైన రోగనిర్ధారణ. ఎండలో కొలిమి దగ్గర పనిచేసే నల్లవాడికి ఆ జబ్బు రావడానికి అవకాశమే లేదని ఆ సిద్ధాంతం, అతనికి నాగరికత అంటలేదు కనుక. అతను అలిసిపోతే దానికి పేరు సోమరితనం. గ్రీకు మాట దొరల బంగళాల దగ్గరే ఆగిపోయింది.

ఆగిపోయిందా అంటే, పూర్తిగా కాదు. న్యూరాన్‌కు నరం, అస్థీనియాకు బలహీనత అని మక్కికి మక్కి పెట్టుకుంటే వచ్చేది ‘నరాల బలహీనత’. రైలు కిటికీలోంచి గోడలు చదివిన ఏ తెలుగువాడికైనా అది చిరపరిచితం. పెద్ద వైద్యం మరిచిపోయిన జబ్బు మన గోడల మీద సున్నంతో, నీలిమందుతో దశాబ్దాలు బతికింది. అయితే తెలుగులో నరం అంటే నాడి మాత్రమే కాదు, రక్తనాళమూ నరమే, బిగుసుకునే కండర తంతువూ నరమే. అందుచేత జబ్బు స్వరూపం మారింది. బియర్డ్ చెప్పిన చదువరుల అలసట పోయి, గోడప్రకటనల వైద్యులు గుసగుసగా చెప్పే మగతనపు బెంగ వచ్చి కూర్చుంది.

దునామిస్ కథ ఇంకోలా నడిచింది. 1867 సంవత్సరాన్ని కాస్త నిలబడి చూడాలి. ఆ జనవరిలో బెర్లిన్ అకాడమీ ముందు వెర్నర్ సీమెన్స్ పరిశోధనపత్రం చదివారు. శాశ్వత అయస్కాంతాలు లేకుండానే శ్రమశక్తిని విద్యుత్తుగా మార్చడం అన్నది దాని శీర్షిక సారాంశం. డైనమో సూత్రం అదే. ‘శ్రమశక్తి’కి ఆయన వాడిన జర్మన్ మాట ‘ఆర్‌బైట్స్‌క్రాఫ్ట్’. అదే ఏడాది సెప్టెంబరులో మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెలువడింది. దాని గుండెకాయ కూడా అదే మాట. కార్మికుడు అమ్మేది శ్రమను కాదు, శ్రమశక్తిని అని. ఒకాయన యంత్రాన్ని తిప్పే శక్తి గురించి చెబితే, రెండో ఆయన మనిషి గురించి చెప్పాడు. ఆ ఏడాదే ఆల్ఫ్రెడ్ నోబెల్ తన పేలుడు పదార్థానికి పేటెంటు పొంది, దునామిస్ నుంచే ‘డైనమైట్’ అని పేరు పెట్టాడు. కొండలు పగలగొట్టి పట్టాలు పరవడానికి ఒకటి, ఆ పట్టాల మీది పెట్టెల్లో దీపం వెలిగించడానికి ఒకటి. రెండు కవల మాటలు.

సీమెన్స్ కనిపెట్టినదానికి ఈ గ్రీకు మాట ఎంత తగినదో చెప్పాలి. ఇనుములో ఒకసారి అయస్కాంతత్వం కలిగిస్తే, తర్వాత కూడా అందులో కాస్త మిగిలి ఉంటుంది. కంటికి ఆననంత కొంచెం. తీగచుట్టను ఆ బలహీనమైన క్షేత్రంలో తిప్పితే చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తునే తిరిగి అయస్కాంతపు చుట్టల్లోకి పంపితే క్షేత్రం కొంచెం బలపడుతుంది, దాంతో మరికాస్త విద్యుత్తు. అలా తనను తానే ఎగదోసుకుంటూ యంత్రం నిండు బలానికి వస్తుంది. ఇనుములో అణగి ఉన్నది తిప్పగా తిప్పగా బయటపడుతుంది. అరిస్టాటిల్ చూసి ఉంటే సంతోషించేవాడు.

1890ల మధ్యలో లండన్ డెట్‌ఫర్డ్‌లోని జె. స్టోన్ కంపెనీ ఇరుసుతో తిరిగే రైలు డైనమో పద్ధతిని తెచ్చింది. మనదేశపు రైళ్ళలోనూ అది బాగా పాతుకుపోయింది. వేగం ఒక మోతాదు చేరగానే దానంతట అదే బ్యాటరీతో కలుస్తుంది, తగ్గగానే విడిపోతుంది. బండి ఏ దిక్కుకు పరుగెత్తినా విద్యుత్తు ఒకే దిక్కున పారేలా లోపల ఏర్పాటుంది. ఇదంతా తెలిసిన మనిషి ఖలాసీ లెక్కలోంచి మిస్త్రీ లెక్కలోకి మారాడు. బెల్టు ఎంత బిగువుండాలో వేలితో నొక్కి చెప్పగలవాడు, బ్రష్షు అరిగిన చప్పుడు చెవితో పట్టగలవాడు. పల్లె నుంచి ఒంటి బలం అమ్ముకోవడానికి వచ్చినవాడి కొడుకు చేతికి పనితనం వచ్చింది. గ్రీకు భేదం పట్టుకుని చెప్పాలంటే, స్థెనోస్‌తో వచ్చినవాళ్ళు దునామిస్ సంపాదించుకున్నారు. డైనమో అన్న మాట వాళ్ళకు సొంతం కావడంలో ఆశ్చర్యం లేదు.

క్రాతోస్ మాత్రం ఎవరూ చేతికివ్వలేదు. కంపెనీ ఊరిలో అధికారం మెట్లు మెట్లుగా ఉండేది. పైన ఐరోపావాళ్ళు, నడుమ ఆంగ్లో ఇండియన్లు, కింద మిగతావాళ్ళు. బంగళాలు వేరు, క్వార్టర్లు వేరు, సాయంత్రం కాలక్షేపానికి పోయే ఇన్‌స్టిట్యూట్లు వేరు. గూర్నే వెటకారానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె కట్టారు. పోలీసులు, ఆక్సిలరీ ఫోర్సువాళ్ళు కాల్పులు జరిపారు. మార్చిలో సమ్మె ముగిసినా మంట ఆరలేదు. సెప్టెంబరులో కంపెనీ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత ప్రకటించింది. మళ్ళీ పని నిలిచి, గేట్లు మూతపడి, డిసెంబరు దాకా పొయ్యిలు సరిగా వెలగని రోజులు నడిచాయి. పస్తులుండి ఊరికి తిరిగి బండి ఎక్కినవాళ్ళు ఎందరో.

ఈ పోరాటాలతో ముడిపడిన పేరు వరాహగిరి వెంకటగిరి. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, అక్కడి ఐర్లండు విప్లవకారుల పరిచయంతో 1916లో తిరిగి వచ్చారు. బి.ఎన్.ఆర్. కార్మికుల సంఘాన్ని కూడగట్టారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు, 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి కార్మికుల తరఫున వెళ్ళారు. ఉద్యోగాలు పోయినవారి పక్షాన 1928లో ఆయన నడిపిన అహింసాయుత సమ్మెకు కంపెనీ తలొగ్గవలసివచ్చింది. 1969లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగు వాడల్లో మన గిరిగారు అనుకున్నారంటే అది ఊరికే తెచ్చిపెట్టుకున్న చుట్టరికం కాదు.

ఏథెన్సు వక్త డెమోస్థెనీస్ పేరు ఇక్కడ గుర్తుకొస్తుంది. ‘దేమోస్’ జనం, ‘స్థెనోస్’ బలం; జనబలం అని ఆ పేరుకు అర్థం. బానిసలతో కత్తులు చేయించే కార్ఖానా యజమాని కొడుకాయన, అది వేరే సంగతి. అదే దేమోస్‌కు క్రాతోస్ చేర్చితే డెమోక్రసీ. రెంటికీ మధ్య దూరమే ఖరగ్‌పూర్ సమ్మెల చరిత్ర. జనానికి బలం ఉంది, పైచేయి లేదు. తెలుగులో డెమోక్రసీని ప్రజాస్వామ్యం అన్నాం. క్రాతోస్ స్థానంలో బలం రాలేదు, సొంతదారుతనం వచ్చింది. బలాన్ని బలంగానే ఉంచితే ‘ప్రజాబలం’ అయ్యేది. అది మనకు ఎన్నికల ఉపన్యాసాల్లో మిగిలింది. పండితులు కొందరు క్రాతోస్‌ను సంస్కృత ‘క్రతు’తో పోల్చారు. వేదంలో క్రతువంటే సంకల్పబలం. అందరూ ఒప్పుకోలేదు. మన ‘బలం’ మాట సంగతీ అంతే. అది సంస్కృతానికి ద్రావిడ భాషల ‘వల్’ నుంచి పోయిందని బరో వంటి భాషాశాస్త్రజ్ఞులన్నారు, కాదన్నవారూ ఉన్నారు.

గ్రీకు నాటకంలో క్రాతోస్ ఒక పాత్ర కూడా. ఈస్కిలస్ పేర చెలామణీ అయ్యే ‘బంధిత ప్రొమీథియస్’ మొదట్లోనే క్రాతోస్, అతని తోడు హింస వస్తారు. దేవతల దగ్గర నిప్పు దొంగిలించి మనుషులకిచ్చిన ప్రొమీథియస్‌ను కొండకు బిగించడానికి తెస్తారు. మేకులు కొట్టవలసింది కమ్మరి దేవుడు హెఫైస్టస్. అతనికి మనసొప్పదు. క్రాతోస్ పక్కన నిలబడి గదమాయిస్తూ కొట్టిస్తాడు. వర్క్‌షాపు కమ్మరి షెడ్డు మీద ఫోర్‌మన్ అజమాయిషీ తెలిసినవాడికి ఆ ఘట్టం వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది.

ఖరగ్‌పూర్ పొలిమేరలోనే ఆ క్రాతోస్‌కు మరో రూపం ఉంది. హిజ్లీలో 1930లో రాజకీయ నిర్బంధితుల శిబిరం పెట్టారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి ఆయుధాలు లేని ఖైదీల మీద కావలివాళ్ళు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. కలకత్తా నిరసన సభలో అనారోగ్యంతోనే రవీంద్రుడు వచ్చి మాట్లాడాడు. స్వరాజ్యం వచ్చాక, 1951లో మొదటి ఐ.ఐ.టి. లాంఛనంగా ప్రారంభమైంది ఆ శిబిరం భవనంలోనే. నిప్పు దొంగను బంధించిన కొండ మీదే నిప్పు విద్య నేర్పే బడి. ఆంధ్ర దేశం నుంచి అక్కడికి చేరిన కుర్రాళ్ళు ఉక్కు దూలం ఎంత బలానికి వంగుతుందో లెక్కలు కట్టారు. వాళ్ళలో ఎక్కువమంది బండి దిగి తిన్నగా హాస్టలుకు పోయినవాళ్ళే. పట్టాల అవతలి తెలుగు వాడలతో వాళ్ళ పొత్తు పండగ భోజనాలకు మించి పెరిగినట్టు కనిపించదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదది. ఎన్నికలు మరో మూడు నాలుగు నెలల్లో ఉన్నాయన్నది ఎవరూ మరిచిపోలేదు.

పెట్టెల కింద ఇప్పుడు డైనమోలు లేవు. ఇరవైనాలుగు వోల్టుల పాత డైనమోలు పోయి, బ్రష్షులు లేని నూటపది వోల్టుల ఆల్టర్నేటర్లు వచ్చాయి. కొత్త బండ్లలో ఇరుసుకు బెల్టు తగిలించే పనే లేదు, పైతీగ నుంచి ఇంజను తీసుకున్న కరెంటే పెట్టెలకూ పారుతుంది. బండి ఆగినా దీపం మసకబారదు. ఆల్టర్నేటర్ అన్న మాటలో గ్రీకు లేదు, అది లాటిన్‌ది. మథురాకాటిలో పింఛను పుచ్చుకునే పాత మిస్త్రీలకు మాత్రం అదింకా డైనమోయే.